ప్లేఆఫ్ స్వామి

"స్వామీ, మీ దోశ."

మైత్రి ప్లేటు పెట్టి రెండడుగులు వెనక్కి జరిగింది. ఫణికి ఒళ్ళు మండింది. స్వామి ఏమిటి, మీరు ఏమిటి? మొన్నమొన్నటిదాకా ఈ పిల్లే "ఏయ్ హాకీ, మళ్ళీ నా పార్కింగ్ స్పాట్ కొట్టేశావ్, నీకు దోశ కట్!" అని పోట్లాడేది. ఆ పోట్లాట కోసమే అతను పిస్కాటవే నుంచి పక్క ఊరు ఎడిసన్‌లో ఉన్న మైత్రి వాళ్ళమ్మ జయంతి టిఫిన్ సెంటర్‌కి ప్రతి ఆదివారం పరిగెత్తుకొచ్చేవాడు.

పైగా ఇప్పుడు ఉల్లి దోశలో ఉల్లిపాయ కూడా లేదు.

ఫణి రారిటన్ రేవెన్స్ ఐస్ హాకీ టీమ్‌కి వీడియో కోచ్. అవతలి గోల్‌కీపర్ ఏ మోకాలు ఎప్పుడు వంచుతాడో చెప్పగలడు గానీ, ఎదురుగా ఉన్న అమ్మాయి మనసులో ఏముందంటే తెల్లమొహమే. ఈ సీజన్ రేవెన్స్‌కి పట్టిందల్లా బంగారం. ప్లేఆఫ్స్ అనే నాకౌట్ పోటీలు మొదలయ్యాక కప్ తేలేదాకా గడ్డం గీయకూడదని ఆ ఆటలో ఆచారం. ఆటగాళ్ళతో పాటు ఫణీ పెంచాడు. టీమ్ నల్ల జాకెట్ ఒంటి మీదనుంచి దిగదు. అక్కడ గెలుపు మీద గెలుపు, ఇక్కడేమో ఇదీ వరస!

దానికి తోడు మైత్రిని చూడటానికి చాండ్లర్ నుంచి ఎవరో పెళ్ళివారు వస్తున్నారట. ఇక ఆగితే కొంప మునుగుతుందని జేబులోంచి టికెట్ తీశాడు.

"శనివారం ఫైనల్. నువ్వు రావాలి."

మైత్రి మొహం వెలిగి, అంతలోనే వాడిపోయింది. "రావాలనే ఉంది. బట్... తప్పు కదా, స్వామీ?"

"కోపముంటే తిట్టు మైత్రీ! ఈ స్వామి గోలేంటి?"

"మాల వేసుకుంటే అలాగే పిలవాలంట, అమ్మ చెప్పింది. టీజ్ చేయొద్దంది. ఉల్లిపాయ కూడా వద్దంది."

"మాలా? నేనా?"

"బియర్డ్ పెంచావ్. ఎప్పుడు చూసినా బ్లాక్ వేస్తావ్. అయ్యప్ప దీక్ష కాదా?"

ఫణి పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇది ప్లేఆఫ్ గడ్డం తల్లీ! కప్ గెలిచేదాకా టీమంతా ఇంతే!"

"ఓ మై గాడ్! అంటే దీక్ష లేదు, జస్ట్ బద్ధకం!" మైత్రి టేబుల్ మీద నాప్కిన్ విసిరింది. "మాల ఎప్పుడు తీస్తావా అని నేను వెయిట్ చేస్తున్నా ఇక్కడ!"

ఫణి నవ్వు ఆగిపోయింది. "ఎందుకు?"

"నువ్వే చెప్పు, కోచ్."

"నువ్వంటే నాకు ప్రాణం. చాండ్లర్ వాళ్ళని రావద్దను."

"ఫస్ట్ కప్ తీసుకురా," అంది మైత్రి, టికెట్ లాక్కుంటూ. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

శనివారం ఓవర్‌టైమ్‌లో రేవెన్స్ గోల్ కొట్టి కప్పు గెలిచారు. మంచు మీద అందరూ ఒకరినొకరు వాటేసుకుంటుంటే, స్టాండ్స్‌లోంచి ఒక ఆడగొంతు "స్వామీ!" అని అరిచింది. ఫణికి కప్పు కన్నా ఆ కేకే తియ్యగా తగిలింది.

మర్నాడు నున్నగా గీసుకుని వచ్చిన అతన్ని జయంతి పోల్చుకోలేకపోయింది. మైత్రి అంతా చెప్పాక నోరు నొక్కుకుంది.

"అయ్యో రాత! ఇన్నాళ్ళూ ఆ చప్పిడి దోశ తిని ఒక్కమాటైనా అనలేదేం నాయనా?"

"మైత్రి పెట్టింది కదా ఆంటీ."

జయంతి అతన్ని చూసింది, తల దించుకున్న కూతుర్ని చూసింది. ముసిముసిగా నవ్వి, ఫోన్ అందుకుంది.

"చాండ్లర్ వాళ్ళకి నేను చెప్తాలే." వంటింట్లో ఉన్న వంటవాడికి వినబడేలా కేకేసింది. "సత్యం! ఒక ఉల్లి దోశ. ఉల్లిపాయలు దండిగా వెయ్యి. స్వామికి కాదు, అల్లుడికి!"