కిబ్లా గీత, మధ్యాహ్నపు నీడ

“మీ ఫ్రేములు దక్షిణం చూడటం లేదండీ. ఎవరిమీదో అలిగినట్టు పడమటికి మొహం తిప్పుకున్నాయి.”

డాబా మెట్ల మీద నుంచి వినిపించిన ఆ మాటకు అఫ్రాజ్ చేతిలోని స్పానర్ ఆగిపోయింది.

సబీహా అప్పుడే కాలేజీ నుంచి వచ్చింది. భుజాన సంచీ అయినా దించలేదు. భవానీపురంలోని ఆ ఇంటికి సోలార్ పెట్టించాలని పట్టుబట్టింది ఆమే. డాబా కింది గదిలో నానమ్మ నసీమా దాదీ వేసవంతా ఉడికిపోయింది. ఏసీ పెడదామంటే తండ్రి నాగుల్ మీరా కరెంటు బిల్లుకు భయపడ్డాడు. ప్రభుత్వం సబ్సిడీ ఇస్తోందని ఆయనను ఒప్పించి, తానే పోర్టల్‌లో దరఖాస్తు పెట్టింది. కంపెనీ తరఫున బిగించడానికి వచ్చినవాడు అఫ్రాజ్.

“కొలిచే పెట్టానండీ,” అన్నాడతను. “ఇదిగో, డాబా మీద పడమటి గీత. దానికి మూలమట్టం వేసి...”

“అది పడమటి గీతని ఎవరు చెప్పారు?”

“దాదీ ఈ గీతవైపే తిరిగి నమాజు చేస్తారు కదా. కిబ్లా అంటే పడమరే కదండీ.”

ఫిజిక్స్ పాఠాలు చెప్పే సబీహాకు నవ్వాగలేదు. “మా దాదా దిక్సూచితో కొలిచి గీసిన గీత అది. మక్కా మనకు నేరుగా పడమర కాదు, కాస్త ఉత్తరానికి జరిగి ఉంటుంది. భూమి గుండ్రం కదండీ.”

అతని మొహం వాడిపోయింది. “అయితే ఇన్నేళ్ళూ నేను చేసిన నమాజులు?”

“అల్లా దగ్గర కోణమానిని ఉండదులే బేటా,” అంది ట్యాంకు నీడలో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న దాదీ.

“ఫ్రేముల కాళ్ళకు అప్పుడే కాంక్రీటు పోయకండి,” అంది సబీహా. “రేపు ఆదివారమే. మధ్యాహ్నం నీడ చూసి ఉత్తరం తేలుద్దాం.”

“తొందరగా తేల్చాలండీ. ఇది అవగానే నన్ను దివిసీమ పంపుతున్నారు. ఇక మకాం అక్కడే.”

ఆ మాట ఆమెకు రుచించలేదు. కారణం వెతికింది. దేన్నీ ఆధారం లేనిదే నమ్మని మనసు ఈసారి ఆధారం దొరికినా ఒప్పుకోలేదు.

మరునాడు పూలకుండీలో కర్ర పాతి, దాని నీడ కొస దగ్గర సుద్దతో గుర్తు పెడుతూ కూర్చున్నారు. అతి పొట్టి నీడ ఉత్తరం చూపుతుంది. కృష్ణ మీద నుంచి చల్లగాలి వస్తోంది. నీడ కదులుతోందో, కాలమే వాళ్ళిద్దరి మధ్య నుంచి మెల్లగా జారిపోతోందో తెలియడం లేదు. సరిగ్గా నీడ పొట్టిదయ్యే వేళకు నవంబరు మేఘం ఒకటి సూర్యుణ్ణి కప్పేసింది.

ఇద్దరూ అయ్యో అన్నారు. ఎవరి గొంతులోనూ విచారం లేదు.

సోమవారం సబీహా సెలవు పెట్టింది. ఆకాశమంతా ముసురు. అయినా ఇద్దరూ కర్రకు చెరోపక్క కూర్చున్నారు.

“సబీహా గారూ, ఫోన్‌లో మ్యాపు చూస్తే మొన్ననే దిక్కు తేలిపోయేదండీ.”

“తెలుసు.”

“ఇంత వంకరకు పోయే కరెంటు కూడా మహా అయితే నూటికో వంతు.”

“లెక్క వేశాను.”

“మరి ఎందుకు కొలుస్తున్నాం?”

మొదటి చినుకు సుద్దగుర్తు మీద పడింది. ఆమె దాన్నే చూస్తూ, “కొలత అయిపోతే మీరు వెళ్ళిపోతారు కదండీ,” అంది.

“వెళ్ళినా ఆదివారాలు వస్తాను. ప్యానెళ్ళ మీద దుమ్ము తుడవాలి కదా.”

“అది నేను తుడుచుకోగలను.”

“అయితే మిమ్మల్ని చూడటానికే వస్తాను.”

గొడుగుతో పైకొచ్చిన నాగుల్ మీరా ఆకాశం వంక చూశాడు, కర్ర వంక చూశాడు. “ఎండే లేదు. ఏం నీడ చూస్తున్నారమ్మా?”

“నిన్న కూడా వాళ్ళు చూసింది నీడను కాదురా,” అంది మెట్ల గది గుమ్మంలో దాదీ.

ఆయనకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. అర్థమయ్యాక గొంతు సవరించుకున్నాడు. “బాబూ, సోలార్ కరెంటు లెక్కగట్టే నెట్ మీటరు రావాలి, తనిఖీ కావాలి, సబ్సిడీ పడాలి. అప్పటిదాకా ఈ ఇంటి పని నీదే. ఈలోగా మీ అమ్మీనీ అబ్బానీ ఒకసారి టీకి తీసుకురా.”

గొడుగును కూతురి చేతికిచ్చి, తాను తడుస్తూ దిగిపోయాడు.

వానలో ఫ్రేములు ఇంకా పడమటికే మొహం తిప్పుకొని ఉన్నాయి. వాటి అలక తీర్చే తొందర గొడుగు కింద ఎవరికీ లేదు.