రెండు కార్డులు కలిసే ముందు

ఆమె గిన్నెలు తోముతోంది.

ధన్!

తలుపు గడియ ఊడి నేల మీద పడింది. హెల్మెట్ పెట్టుకున్న మనిషి ఒకడు లోపలికి దూసుకొస్తున్నాడు!

“ఫోన్ ఎక్కడ?”

“ఏ ఫోన్?”

“రేపు కోర్టులో చూపిద్దామనుకున్న ఫోన్!”



ఆమె పాత ఫోన్. తను తయారుచేసిన కార్డుల గేమ్ మొట్టమొదటి వెర్షన్ అందులోనే ఉంది. రెండు కార్డులు కలిసి ఒకటయ్యే గేమ్. పోటీ కంపెనీ దానికి పేటెంట్ తెచ్చుకుని, దొంగ నువ్వేనంటూ తన మీదే కేసు వేసింది. లాప్‌టాప్ ఎప్పుడో మాయమైంది. మిగిలిన సాక్ష్యం ఇదొక్కటే. ఇది పోతే గేమ్ మూసుకోవాల్సిందే!

ఒక్కటే అంతుపట్టడం లేదు. కార్డులు కలిసే ముందు స్క్రీన్ ఓ క్షణం ఆగుతుంది. ఉత్కంఠ కోసం అలా ఆపడం తమ ఆవిష్కరణేనని పేటెంట్‌లో రాసుకున్నారు. ఉత్కంఠా లేదు, పాడూ లేదు! ఈ ముసలి ఫోన్ మొరాయిస్తుంటే ఆమె వేసిన అతుకు అది. జనానికి వదిలిన గేమ్‌లో తీసేసింది కూడా.

మరి వాళ్లకెలా తెలిసింది?

సబ్బు చేతులతోనే పెనం విసురుతుంది.

ఠంగ్! వాడు చలించడు.

“అన్నయ్యా!”

లోపలి గదిలోంచి పలుకు లేదు.

వాడు బీరువా తెరవడు. పరుపు ఎత్తడు. నేరుగా సింక్ కిందికి వంగి, సబ్బు పొడి డబ్బా లాగి బోర్లిస్తాడు!

ఫోన్ జారిపడుతుంది.

బూటు మడమ... ఫట్!

వాడు వెళ్లిపోతాడు.

ఆమె ఆ పొడిలోనే కూలబడి ముక్కలు ఏరుతోంది. చెవిలో ఓ మాట...

“సబ్బు పొడిలో దాచావు సరే, కేసు తెల్లగా ఉతికిపెడుతుందా?”

నిన్న అన్నయ్య వేసిన జోకు. ఇద్దరూ నవ్వుకున్నారు.

డబ్బా సంగతి తెలిసింది అతనికే. ఈ ఫోన్‌లో తను కాక ఆడిందీ అతనే!

తలెత్తుతుంది. లోపలి గది గుమ్మంలో అన్నయ్య. భుజాన బ్యాగు.

“నువ్వా... అన్నయ్యా?”

“కార్డుల మీద బొమ్మలన్నీ గీసిందెవరే?”

“నువ్వే.”

“నా పేరెక్కడుంది?”

ఆమె చేతిలోని ఫోన్ ముక్కల వైపు చూస్తుంది.

“ఆ కంపెనీ వాళ్లు వేస్తామన్నారు.”

“నన్నడిగితే వెయ్యనా!”

“అడిగాను. నువ్వు కోడ్ రాసుకుంటున్నావు. తలెత్తకుండా ‘ఊఁ’ అన్నావు.”

బయట బైక్ ఇంజన్ ఇంకా ఆగలేదు. వాడు పోలేదు... ఎవరికోసమో చూస్తున్నాడు!

హారన్!

“వద్దన్నయ్యా! ఇప్పుడే వేస్తా... ప్రతి కార్డు మీదా వేస్తా!”

అతను చెప్పులు తొడుక్కుంటాడు. ఒలికిన పొడి తొక్కకుండా, గోడ వారగా నడిచి, గడప దాటుతాడు.