మోత ఆగినాక

భద్రాచలం పోయే దారిలో, అడవి అంచున ఒక తండా. అక్కడ పొద్దు వాలితే గుట్ట మోగేది. గుట్టమీది గుహలోంచి మూలుగులాంటి సన్నటి మోత ఇళ్ల మీదికి దిగేది. యాడి పలుకుతోందనేవాళ్లు. యాడి అంటే తల్లి. ఆమె పలుకుతున్నంతసేపు రోగిని వాగు దాటించకూడదని కట్టుబాటు. ఈసారి ఆ మోత పగలూ రాత్రీ ఆగడం లేదు.

జ్యోత్స్న ఖమ్మంలో ఫిజిక్స్ లెక్చరర్. తమ్ముడు కోటేష్ ఫోన్ చేస్తే పరుగున వచ్చింది. అతని భార్య బాలి జ్వరంతో ఒళ్లు తెలియకుండా పడి ఉంది. వాకిట్లో ఆటో ఉంది. ఎక్కించే ధైర్యం ఎవరికీ లేదు.

"అది గాలి బాపూ," అంది జ్యోత్స్న, గుట్టకు పూజ చేసే తండ్రి పూల్‌సింగ్‌తో. "సీసా మూతి మీద ఊదితే మోగదా? గట్లనే. బండ సందు మూస్తే ఆగుతది."

కోప్పడతాడనుకుంది. ముసలాయన నేల చూపులు చూశాడు.

"నాకు గూడ ఎప్పట్నుంచో అనుమానమే బిడ్డా. చెయ్యి పెట్టి చూసే ధైర్యమే చాల్లేదు. నడువు."

వాగులోని తడి బంకమన్ను సంచికెత్తుకుని ఇద్దరూ గుట్టెక్కారు.

గుహలో గబ్బిలాల కంపు, మాడిన నూనె వాసన. మోత పళ్లలోకి పాకుతోంది. కుంకుమ పూసిన బండ వెనక గోడలో జానెడు పగులుంది. చెయ్యి పెడితే చల్లగాలి వేళ్లకు కొట్టింది.

"చూడు బాపూ."

పూల్‌సింగ్ కూడా చెయ్యి పెట్టాడు. ముఖం పాలిపోయింది.

"ఇన్నేండ్లు గీ గాలికా మొక్కిన?"

జ్యోత్స్న మన్ను తీసి పగులులో కూరింది. మోత సన్నబడింది. ఆగిపోయింది.

కింద తండాలో ఆటో స్టార్టయిన చప్పుడు.

"పోతున్నరు బాపూ!" నవ్విందామె.

తండ్రి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "ఇను…"

ఏమీ లేదు. అంతా నిశ్శబ్దం.

తర్వాత… గోడకు అవతల… ఎవరో గొంతు సవరించుకున్నారు.

మళ్లీ మోత. అదే మోత. కానీ మధ్యలో ఆగింది… ఊపిరి పీల్చుకుంది… మళ్లీ అందుకుంది.

గాలి ఊపిరి పీల్చుకోదు.

ఆమె మన్ను మీద అరచెయ్యి ఆనించింది. గాలి రావడం లేదు. మన్ను వెచ్చగా ఉంది.

"ఎనక్కి చూడకుండ దిగు," గుసగుసగా అన్నాడు తండ్రి.

"నువ్వు?"

"చెప్పి వస్త."

ఎవరికి చెప్తాడో ఆమె అడగలేదు. దిగి పరుగెత్తింది. దొరికిన బండి పట్టుకుని భద్రాచలం చేరింది.

దవాఖానాలో తెల్లారేసరికి బాలి జ్వరం దిగింది. మలేరియా మెదడుకెక్కిందట. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదన్నాడు డాక్టర్. జ్యోత్స్న ప్రాణం కుదుటపడింది. గుహలో విన్నది తమ ఊపిరి ప్రతిధ్వనేనని నచ్చజెప్పుకుంది. దాదాపు నమ్మింది కూడా.

బాలి కళ్లు తెరిచింది. "వదినా, మామ వచ్చిండా?"

"అవ్. మొదటి బస్సుకే వచ్చిండు. బయట ఉన్నడు."

"ఆయనెంట వచ్చినామెను గూడ లోపలికి పిలువు. పాపం, ముసలామె."

జ్యోత్స్న వరండాలోకి వచ్చింది. పొడుగాటి బెంచీ, దాని మీద ఎవరూ లేరు. పూల్‌సింగ్ మాత్రం కింద చల్లటి గచ్చు మీద ముడుచుకుని కూర్చున్నాడు.

"కింద కూసున్నవేంది బాపూ? పైన కూసో."

ఆయన తలెత్తలేదు.

"ఆమె పండుకుంది. జాగ లేదు బిడ్డా."