సమాధుల తోట రేడియో

సమాధుల పండగ సాయంత్రం. కొండవాలులోని తోట నిండా కొవ్వొత్తుల వెలుగు, బంతిపూల వాసన. కింద ఓడరేవు మీదుగా ఉప్పుగాలి జిడ్డుగా తగులుతోంది. కాపలాదారు గదిలో ప్రసన్నకుమారి, ఆమె స్నేహితుడు జాక్సన్ కలిసి ఒక బుల్లి రేడియో స్టేషన్ పెట్టారు. తోట గోడ దాటితే రెండు వీధుల వరకే అందుతుంది. పోయినవాళ్ళ గురించి ఇంటివాళ్ళు మైకులో చెప్పుకుంటారు. సమాధుల దగ్గర కూర్చున్నవాళ్ళు పక్కన పెట్టుకున్న రేడియోల్లో వింటారు. ఆలోచన ప్రసన్నదే. అక్క దీవెనమ్మ కోసమే పెట్టింది. యారాడ తీరంలో అల లాక్కుపోయిందంటూ బావ జ్ఞానశేఖర్ ఆమె శవంతో ఇంటికొచ్చి అప్పటికి ఏడాది.

చీకటి పడుతుండగా జ్ఞానశేఖర్ వంతు వచ్చింది. మైకు ముందు కూర్చుని కళ్ళు మూసుకున్నాడు.

"మా దీవెనకి సముద్రమంటే ప్రాణం. వద్దన్నా వినకుండా దిగింది. నాను చెయ్యందించేలోపే..."

హెడ్‌ఫోన్‌లో ఆ మాటలు వింటుంటే ప్రసన్నకి కళ్ళు తడిశాయి. అంతలో బయట మాటలన్నీ ఆగిపోయాయి. ఎవరూ దగ్గడం కూడా లేదు.

బంతిపూలమ్మే సన్యాసమ్మ తలుపు దగ్గరకొచ్చింది. ప్రసన్న హెడ్‌ఫోన్‌ని ఒక చెవి మీంచి పక్కకి జరిపింది.

"ఏటమ్మా ఇది?" గుసగుసలాడింది. "ఆ బాబు మాటాడతంటే రేడియోలో మీ అక్క గొంతొత్తంది..."

ప్రసన్న హెడ్‌ఫోన్ పూర్తిగా తీసేసింది.

నిజమే. తోటలోని రేడియోలన్నిట్లోంచి దీవెనమ్మ ఒగరుస్తూ మాట్లాడుతోంది. వెనక అలల హోరు.

"జుట్టట్టుకుని నీళ్ళల్లోకి తొక్కీసాడు... మెడ మీద మోకాలెట్టాడు... బతిమాలాను. వదల్లేదు."

జ్ఞానశేఖర్ కళ్ళు తెరిచాడు. "ఏటి ప్రసన్నా, అలా సూత్తన్నావ్? ఆపీమంటావా?"

అతని పెదవులు అలా కదిలాయి. బయట మాత్రం ఇంకోలా వినిపించింది.

"ఆపకు చెల్లీ."

జాక్సన్ చెయ్యి స్విచ్ మీదకి వెళ్ళింది. ప్రసన్న అతని మణికట్టు పట్టుకుంది. రెండో చేత్తో వాల్యూమ్ చివరిదాకా తిప్పింది.

"చెప్పు బావా," అంది నెమ్మదిగా. "మా అక్క ఎంతసేపు కొట్టుకుందో చెప్పు."

అతను లేవబోయాడు. మెడ మీద ఎవరో కూర్చున్నట్టు తల బల్లకి ఒరిగిపోయింది. దగ్గాడు. నోట్లోంచి నీళ్ళు... మళ్ళీ దగ్గాడు. నీళ్ళతోపాటు ఇసుక. మైకు తడిసింది. గది నిండా సముద్రం వాసన.

"ప్రసన్నా... ఊపిరి..."

జాక్సన్ అతన్ని పైకి లేపాలని చూశాడు. ఎంత లాగినా తల కదల్లేదు.

ప్రసన్న కదలాలనుకోలేదు. ఏడాదిగా బావని ఓదార్చింది తనే. అన్నం కలిపి పెట్టింది తనే. ఆ చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని, అతని కాళ్ళు నేలని తన్నడం చూస్తూ కూర్చుంది. ఆ తన్నడం ఆగేదాకా చూసింది.

జాక్సన్ పరుగున వెళ్ళి బ్యాటరీ తీగలు పీకేశాడు. యంత్రం మీది ఎర్రదీపం ఆరిపోయింది. తోటంతా నిశ్శబ్దం.

ఒక్క క్షణమే.

"ఆ రోజు ఒడ్డునుండి ఇంకొకడు కూడా సూసాడు చెల్లీ..." రేడియోలు మళ్ళీ పలికాయి. "ఈ జనంలోనే ఉన్నాడు. గేటెయ్యి."

ప్రసన్న బయటికి పరుగెత్తింది. కొవ్వొత్తుల వెలుగులో జనం ఒకరి ముఖాలొకరు చూసుకుంటున్నారు. గేటు దగ్గర ఎవరూ లేరు.

గేటు మూసే ఉంది. లోపలివైపు నుంచి గొలుసు చుట్టి ఉంది. దాని చివర ఇంకా ఊగుతూ, నేల మీద ఇసుక కలిసిన నీళ్ళు కారుస్తోంది.