ఆకుపచ్చ గీత ఆడిన అబద్ధం

"పద్నాలుగు మంది మన గూఢచారుల అసలు పేర్లు, అడ్రసులు ఉన్న ఫైలు. పన్నెండింటికి దేశం దాటబోతోందని కబురు. చివరి అక్షరం చేరేదాకా శత్రువుకి అది తెరుచుకోదు. ఏడో పేరు మీ తమ్ముడిది," అన్నాడు చీఫ్.

ఏజెంట్ డేగ మొహం చెక్కుచెదరలేదు. అప్పుడెప్పుడో మొసలి కాలు పట్టుకున్నా ఇంతేనట. మొసలే సిగ్గుపడి వదిలేసిందట.

పన్నెండుకి పావుగంట ఉందనగా రికార్డుల ఆఫీసులో ఏసీ మెకానిక్ వేషంలో దిగాడు. పెట్టుడు మీసంలో మైకు, స్క్రూడ్రైవర్లో కెమెరా.

"చల్లదనం చాలడం లేదా?" లోపలున్న మన మనిషిని గుర్తుపట్టే కోడ్ వాక్యం వదిలాడు.

"వేడి బయటినుంచి వస్తోందండీ," అంది సిస్టమ్స్ మేడమ్ తడుముకోకుండా. ఆమె నవ్వితే గోడగడియారం కూడా ఓ క్షణం ఆగుతుంది. "భయం లేదు, ఫైలుకి తాళం వేసేస్తున్నా."

తెరమీద ముచ్చటైన విండో. 'లాక్ అవుతోంది' అన్న మాట, కింద నిండుతున్న ఆకుపచ్చ గీత.

తాళం వేయడానికి నెట్‌వర్క్ పెట్టె లైటు అంత కంగారుగా మిణుకుమిణుకుమనడం దేనికి?

"క్యాన్సిల్ నొక్కండి."

"మధ్యలో ఆపితే ఫైలు పాడవుతుంది."

డేగ మూలనున్న ముసలి ఆపరేటర్ వైపు తిరిగాడు. "బాబాయ్, మీరూ ఇదే ప్రోగ్రాం వాడతారా?"

"ఇదే నాయనా, కాకపోతే నాది కన్సోల్. బటన్లూ బొమ్మలూ ఉండవు. కమాండ్ కొడితే లోపల జరిగేదంతా వరసగా రాస్తుంది. రెంటికీ ఇంజిన్ ఒకటే."

"ఆ డొక్కు ఇంకా పనిచేస్తోందా?" మేడమ్ నవ్వింది. కుర్చీ మాత్రం తలుపువైపు జరిగింది.

పెద్దాయన రెండు వేళ్లతో కొట్టాడు. నల్లతెరమీద తెల్ల అక్షరాలు:

తాళం: వేయలేదు. బయటికి పంపడం: 94 శాతం.

విండో మీద మాటలు మార్చిన మేడమ్, ఎవరూ తెరవరులే అని కన్సోల్ జోలికి పోలేదు!

ఆమె చేతిలో లిప్‌స్టిక్ పిస్టలైంది. డేగ విసిరిన స్క్రూడ్రైవర్‌కి అది ఎగిరి అల్మరా వెనక పడింది.

"ఆపండి బాబాయ్!"

"అదే కొడుతున్నా. తొందరపెడితే తప్పులు పడతాయి."

97... 98... 99...

పెద్దాయన ఎంటర్ నొక్కాడు.

పంపడం ఆగింది.

డేగ గోడకి ఆనుకుని ఊపిరి వదిలాడు. తమ్ముడు బతికిపోయాడు.

బేడీలు పడగానే మేడమ్ కళ్లనిండా నీళ్లు. "నాకేం తెలీదండీ, నన్ను బెదిరించి చేయించారు!"

"ఇది విండో వెర్షన్ మేడమ్," అన్నాడు డేగ, మీసం ఊడబీక్కుంటూ. "కన్సోల్ వెర్షన్ చీఫ్ దగ్గర వినిపిద్దురుగాని, పదండి."