అయిదు మెట్ల ముసలమ్మ

మా పాత గ్రంథాలయం ముందు అయిదు రాతి మెట్లున్నాయి. చీకటి పడ్డాక వాటిని ఒంటరిగా ఎక్కకూడదని అందరికీ తెలుసు. మూడో మెట్టు మీద ఉండగా వెనక ఎవరో ఆయాసపడతారట... "ఇంకా ఎన్ని మెట్లు నాయనా?" అని అడుగుతారట. ముసలమ్మ గొంతు. చూసినవాళ్ళు ఒక్కరూ లేరు, విన్నవాళ్ళు మాత్రం వీధికి పదిమంది.

ఈ కథ నాకు వడ్రంగి మేస్త్రి చెప్పాడు. మేస్త్రి అబద్ధాలాడడు. కాకపోతే తను భయపడిన చోటు కొంచెం తొందరగా దాటేస్తాడు. అక్కడ నేను పూరించాను.

నూటపాతికేళ్ళ కట్టడం అది. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ళు కూడా లోపలికి వెళ్ళేలా బాగుచేస్తున్నారు. ఇంజనీరమ్మ షరతు ఒకటే – పాత రాతికి ఒక్క మేకు కూడా దిగకూడదు. మెట్ల పక్కన విడిగా నిలబడే చెక్క ర్యాంపు కట్టాలి. వాలు తక్కువగా ఉండాలంటే ముప్ఫై అడుగుల పొడవు కావాలి. అంత పొడవంటే మలుపు తిప్పాలి, మలుపు తిప్పితే చెక్కిన రాతి స్తంభం కనబడదు. మేస్త్రికి ఆ స్తంభమంటే ప్రాణం. ఇంజనీరమ్మ ఊరెళ్ళిన వారంలో పదిహేను అడుగులతో సరిపెట్టేశాడు. మిగిలిన పలకలు వెనక పేర్చి, చూడ్డానికి ఎంత బాగుందో అని మురిసిపోయాడు.

తెల్లవారితే ప్రారంభం. చేతికడ్డీకి పూసిన వార్నిష్ ఇంకా ఆరలేదు. ఎవరూ ముట్టుకోకుండా మేస్త్రి ఆ రాత్రి పలకల పక్కనే పడుకున్నాడు.

ఒంటిగంటకి మెలకువ వచ్చింది.

కిర్రు... కిర్రు... కిర్రు...

ఆగింది. ఎవరో ఆయాసపడుతున్నారు. అంతలో – జర్రున ఏదో కిందకి జారింది.

మళ్ళీ కిర్రు... మళ్ళీ జర్రు.

మేస్త్రి పలకల సందులోంచి ఒంటికన్నుతో చూశాడు. చీకట్లో తెల్లటి జుట్టు. నేలకి నాలుగడుగుల ఎత్తులో... తేలుతున్నట్టు వస్తోంది. అడుగుల చప్పుడు మాత్రం లేదు.

మేస్త్రి కళ్ళు గట్టిగా మూసుకుని చేతులు జోడించాడు.

"తల్లీ... నీకిక మెట్ల బాధ లేదు... పక్కన దారి వేశాం... అటు నుంచి వెళ్ళిపో."

"అటు నుంచే వస్తున్నా," అంది ఆ గొంతు. "సగం దాకా రావడం, వెనక్కి జారడం. ఏ మహానుభావుడు కట్టాడో..."

"నేనే తల్లీ..."

"తెలుసు అల్లుడూ."

మేస్త్రి కళ్ళు తెరిచాడు. అత్తగారు. చక్రాల కుర్చీలో. గేటు దగ్గర ఆటో పక్కన ఆయన భార్య, తనకేమీ తెలియనట్టు ఆకాశంలోకి చూస్తోంది. దెయ్యమే అయ్యుంటే బాగుండేదనిపించిందట మేస్త్రికి. దెయ్యం తెల్లారితే పోతుంది, అత్తగారు తెల్లారినా ఇంట్లోనే ఉంటుంది.

ఆవిడ ముప్ఫయ్యేళ్ళు ఆ గ్రంథాలయం తలుపులు తెరిచిన మనిషి. కాళ్ళు పడిపోయాక ఆరేళ్ళుగా ఆ గడప దాటలేదు. ప్రారంభం రోజున అందరికంటే ముందు ఆవిడే లోపలికి వెళ్ళాలని కమిటీవాళ్ళు అడిగారు. నలుగురి ముందు ఎక్కేలోపు ఎవరూ చూడకుండా ఒకసారి ఎక్కి చూసుకుందామని ఆ వేళప్పుడు వచ్చింది.

"రేపు నలుగురం వెనక నుంచి తోస్తాంలే అత్తయ్యా," అన్నాడు మేస్త్రి మెల్లగా.

"తోయించుకునేదాన్నయితే ఆరేళ్ళ కిందటే మోయించుకునేదాన్ని," అంది ఆవిడ. "మోస్తామన్నవాళ్ళు లేకపోలేదు. మూటలా వెళ్ళడం ఇష్టంలేకే ఇంట్లో కూర్చున్నా."

మేస్త్రికి సిగ్గేసింది. స్తంభం అందం చూశాడుగానీ, ఇంట్లో ఉన్న మనిషిని చూడలేదు. ఇళ్ళకెళ్ళి పనివాళ్ళు నలుగుర్నీ నిద్రలేపి తెచ్చి, ర్యాంపు విప్పి, మలుపు తిప్పి, ముప్ఫై అడుగులూ వేశాడు. అత్తగారు టార్చి పట్టుకుని, ఒక్క ముక్క కూడా మెచ్చుకోకుండా చూస్తూ కూర్చుంది.

తెలతెలవారుతుండగా ఆవిడ చక్రాల మీద చేతులేసింది. మలుపు దాకా ఎక్కింది. ఆగి, ఊపిరి పీల్చుకుని, మిగతా సగమూ ఎక్కింది. తలుపు తోసుకుని ఒక్కతే రీడింగ్ రూములోకి వెళ్ళిపోయింది. మేస్త్రి కళ్ళు తుడుచుకున్నాడు. ఈ మాట ఆయనే చెప్పాడు, నేను కలిపింది కాదు.

పనిముట్లు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

అంతలో లోపల కుర్చీ చేయి చెక్కకి కొట్టుకుంటున్న చప్పుడు... టక్... టక్... టక్...

ఆ వెనకే సన్నగా, గది చీకట్లోంచి –

"అల్లుడూ... కుర్చీ కిందకి దూరని ఈ టేబుల్ కూడా నువ్వు చేసిందేనా?"