కుట్టుపడ్డ మ్యాటు

"మ్యాటు ఏది?" అని నూకరత్నం మూడోసారి అడిగింది.

వెదురు కంచెకి అవతల పక్కింటి దేవకుమార్ వానలో గొడుగు లేకుండా నిలబడి ఉన్నాడు. ఆమెను ఏదో ఒకటి అని ఉడికించందే ఆ కంచె దగ్గర నుంచి కదలని మనిషి, ఆ శనివారం పొద్దున్న తన చెప్పులకేసి చూసుకుంటున్నాడు.

"ముందు కోపం తెచ్చుకోనని చెప్పు రత్నం."

"తెచ్చుకుంటాను. మ్యాటు ఏది?"

"వేలంలో పోయింది."

ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యాక కంచె గుంజ పట్టుకుంది.

అది గోల్ ఘర్ క్రికెట్ క్లబ్బు మ్యాటు. పోర్ట్‌బ్లెయిర్ నేల మీద గడ్డి పిచ్ నిలవదు. వానకి బురద, ఎండకి పగుళ్ళు. అందుకే మట్టిని చదును చేసి, దాని మీద కొబ్బరి పీచుతో నేసిన పొడుగాటి మ్యాటు పరిచి, అంచులకి మేకులు కొట్టి ఆడతారు. ఎవరి మైదానంలో మ్యాచ్ అయితే వాళ్ళే మ్యాటు తేవాలని లీగు రూలు. తేలేకపోతే ఆడకుండానే ఓడినట్టు. రేపు ఆదివారం డెలానీపూర్ జట్టుతో ఆఖరి మ్యాచ్, మైదానం గోల్ ఘర్ వాళ్ళది.

మ్యాటు ఉండేది నూకరత్నం ఇంటి వరండాలో. వాళ్ళ నాన్న గవరయ్య క్లబ్బు కెప్టెను. మెరైన్ వర్క్‌షాపులో పని నుంచి రాగానే ముందు మ్యాటు తడిసిందా, ఎలుక కొట్టిందా అని చూసి, ఆ తర్వాతే కాళ్ళు కడుక్కునేవాడు. అంతకుముందు ఏడాది ఎవరి పెళ్ళికో ఇస్తే పులుసు మరకలతో తిరిగొచ్చింది. అప్పటి నుంచి అది మైదానానికి తప్ప గడప దాటకూడదని ఇంట్లో ఆజ్ఞ.

నిన్న దాన్ని గడప దాటించింది నూకరత్నమే.

నిన్న రిపబ్లిక్ డే. అందరికీ సెలవని తెలుగు చర్చివాళ్ళు కోతపండుగ ఆ రోజునే పెట్టుకున్నారు. వాన వచ్చి హాలంతా చెమ్మగా ఉందని, ముసలమ్మలు కూర్చోవడానికి మ్యాటు ఇవ్వమని దేవకుమార్ కంచె దగ్గరికి వచ్చి అడిగాడు. గవరయ్య లాంచీలకి రంగుకాగితాలు కట్టే డ్యూటీలో ఉన్నాడు. చీకటి పడేలోగా తెచ్చేస్తానని దేవకుమార్ అన్నాడు. కోతపండుగ బిర్యానీ తెస్తానని కూడా అన్నాడు. బిర్యానీ వచ్చింది. మ్యాటు రాలేదు. ఇంకా తడిగా ఉంది, పొద్దున్న తెస్తానని చెప్పి వెళ్ళిపోయాడు.

కోతపండుగకి ఎవరి పెరట్లో పండింది వాళ్ళు తెచ్చి దేవుడి ముందు పెడతారు. కొబ్బరికాయలు, అరటిగెలలు, కోళ్ళు, అల్లిన బుట్టలు. ఆరాధన అయ్యాక వాటినే వేలం వేస్తారు. ముసలమ్మలు లేచాక మ్యాటు చుట్టి కానుకల బల్ల పక్కన నిలబెట్టారట. దానికి ఎవరో రెండు గుమ్మడికాయలు చేరవేశారట. వేలం పాడేది సంఘపెద్ద జీవానందంగారు, అంటే దేవకుమార్ నాన్న. ఆయన జన్మలో క్రికెట్ చూడలేదు. 'ఇదిగో ప్రశస్తమైన పీచు చాప' అని పాట మొదలుపెట్టారు. క్లబ్బు కుర్రాళ్ళంతా ఆ సమయానికి వెనక వంటపందిట్లో వడ్డనకి ఆకులు కడుగుతున్నారు.

"కొన్నదెవరు?"

"వండూర్ ఏలీయా తాత. బస్సు మీద వేయించుకుని పట్టుకుపోయాడు."

"వెళ్ళి అడుగు మరి."

"దేవుడి పేరు మీద వేలంలో పాడింది వెనక్కి అడగరు రత్నం. సభంతా చప్పట్లు కొట్టారు ఆయనకి. మా నాన్నకి చెబితే..." అని ఆగిపోయాడు.

"బంతి పట్టుకుంటావు గానీ మ్యాటు పట్టుకోవడం రాదా నీకు?"

అతను నవ్వలేదు. అప్పుడే ఆమెకు నిజంగా భయం వేసింది.

"వండూర్ వెళ్తున్నాను. కాళ్ళయినా పట్టుకుంటాను. చాచాకి ఏం చెప్పకు."

క్లబ్బు కుర్రాళ్ళందరికీ గవరయ్య చాచాయే. దేవకుమార్ బస్సు కోసం పరుగెత్తాడు. వాలు దిగుతూ ఒకసారి జారాడు కూడా. మరోరోజైతే ఆమె పడీ పడీ నవ్వేది.

ఇంట్లో గవరయ్య డ్యూటీకి బయల్దేరుతున్నాడు. రాత్రి డ్యూటీ నుంచి బాగా పొద్దుపోయి వచ్చి, ఆ చీకట్లో మ్యాటు సంగతి చూడలేదు. వాన తగ్గితే మధ్యాహ్నం మ్యాటు ఎండేయాలని, వరండాలో కనిపించడం లేదు, లోపల పెట్టిందా అని అడిగాడు. వాన జల్లు పడుతోందని లోపల సర్దానని నూకరత్నం అంది. పుట్టి బుద్ధెరిగాక నాన్నతో ఆమె ఆడిన మొదటి పెద్ద అబద్ధం అదే. ఆయన తల ఊపి, "బేటీ జాగ్రత్త పడింది" అని భార్యతో మెచ్చుకోలుగా అన్నాడు. నూకరత్నం వంటింట్లోకి తప్పుకుంది.

మ్యాటు ఒక్కటే అయితే ఇంత దిగులు ఉండేది కాదు. అది ఎవరు ఇచ్చారు, ఎవరికి ఇచ్చారు అన్న ప్రశ్న వస్తుంది. తనూ దేవకుమారూ కంచె దగ్గర చెప్పుకునే మాటలన్నీ బయటికి వస్తాయి. పోయిన నెల దేవకుమార్ నాలుగు వికెట్లు తీసినప్పుడు, కుర్రాడు బంగారమని తల్లి అంటే నాన్న అన్నది ఆమె చెవుల్లోనే ఉంది.

"బౌలింగుకి మంచోడే. బౌలింగు వరకే."

కంచెకి పైన చర్చికి వెళ్ళే దేవకుమార్ వాళ్ళ ఇల్లు. కింద నూకాలమ్మకి మొక్కే నూకరత్నం వాళ్ళ ఇల్లు. క్లబ్బులో మాత్రం అందరూ ఒకటే. ఆరాధన అయ్యేదాకా ఆదివారం మ్యాచ్ మొదలవదు, నూకాలమ్మ పండుగ వారం మ్యాచే పెట్టుకోరు. గవరయ్య స్వయంగా పెట్టిన పద్ధతులవి. కానీ మైదానం వేరు, ఇల్లు వేరు.

పన్నెండు దాటింది. వాన పడుతూనే ఉంది. వాన ఆగితే నాన్న మ్యాటు ఎండేయమంటాడు. ఆగకపోతే రేపు మ్యాచే ఉండదు. ఏది కోరుకోవాలో తెలియక, నూకాలమ్మా, సాయంత్రం దాకా కురిపించి ఆ తర్వాత ఆపు తల్లీ అని మొక్కుకుంది. అన్నం వార్చడం మరిచిపోయింది. గంజి పొంగి పొయ్యి ఆరిపోయింది.

తల్లి రామలక్ష్మి వచ్చి పొయ్యి చూసింది, కూతురి మొహం చూసింది.

"ఏటయిందే?"

"ఏం లేదమ్మా."

"ఏం లేనోళ్ళు అన్నం మాడ్చరు. లోపల మ్యాటు లేదు, నాను సూసినాను. మీ నాన్న వచ్చేలోగా చెప్పు."

నూకరత్నం చెప్పింది. సగం ఏడుస్తూ, సగం కోపంగా చెప్పింది. తల్లి తిట్టలేదు. గొడుగు తీసింది.

"బస్సు ఎన్నింటికి వస్తాది?"

వాళ్ళిద్దరూ బస్‌స్టాండుకి వెళ్ళేసరికే వండూర్ బస్సు వచ్చి ఉంది. దేవకుమార్ పైకెక్కి తాళ్ళు విప్పుతున్నాడు. నూకరత్నానికి ప్రాణం లేచి వచ్చింది. అంతలోనే అతను ఒక చుట్ట కిందికి దింపాడు. చుట్ట చిన్నగా ఉంది. ఆ వెనక ఇంకొకటి దింపాడు.

"రెండేమిటి?"

"కోశాడు. పెద్దది కొబ్బరి ఎండేయడానికి, చిన్నది మేకల పాకలోకి."

బస్సులోంచి ఏలీయా తాత తాపీగా దిగాడు. పొద్దున్నంతా దేవకుమార్ చేత ఎండుకొబ్బరి బస్తాలు పాకలోకి మోయించుకున్నాడట. ఆ తర్వాత, నీకు ఇవ్వను, దేవుడి దగ్గర కొన్నాను కాబట్టి దేవుడికే మళ్ళీ కానుకగా ఇస్తాను, అక్కడ నువ్వు అడుక్కో అన్నాడట. కోతపండుగ వేలంలో పాడినదాన్ని తిరిగి కానుకగా ఇచ్చేవాళ్ళు ఉన్నారు. అది గౌరవం. వెనక్కి తీసుకోవడమే తప్పు.

అలా ఆ రెండు ముక్కలూ చర్చి హాలుకి చేరాయి. జీవానందంగారు సంగతంతా విని చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. పరాయి వస్తువు దేవుడికి అర్పణ కాదు, దీన్ని బాగుచేసి అప్పగించడమే అర్పణ అని, పండుగ గిన్నెలు తోముతున్న ఆడవాళ్ళందరినీ పిలిచారు. ఇప్పుడే వెళ్ళి గవరయ్యగారికి క్షమాపణ చెప్పుకుంటాననీ లేచారు. రామలక్ష్మి అడ్డుపడింది. మ్యాచ్ ముందు ఆయనకి చెబితే రాత్రికి నిద్రపోడు, నిద్ర లేకపోతే రేపు కీపింగు చెయ్యలేడు, మ్యాచ్ అయ్యాక చెబుదురు గానీ అంది.

దబ్బనాలు వచ్చాయి. పీచుతాడు వచ్చింది. మ్యాటు మోటుగా ఉంది, దబ్బనం దిగదు. ఒకరు పొడిస్తే ఇంకొకరు అవతల నుంచి లాగాలి. నూకరత్నం పొడిచింది. లాగడానికి అవతల ఎవరున్నారా అని తలెత్తితే దేవకుమార్.

"ఆడవాళ్ళ పనిలో నువ్వెందుకు?"

"నేను పోగొట్టింది కదా."

"ఇచ్చింది నేను కదా."

అతను దబ్బనం కొస పట్టి లాగాడు. చర్చి ఆడవాళ్ళు అందరూ తలలు దించుకుని చాలా శ్రద్ధగా కుట్టారు. వాళ్ళ నవ్వులు మాత్రం దాగలేదు.

నూకాలమ్మ మొక్కు విన్నట్టే ఉంది. సాయంత్రానికి వాన ఆగింది. గవరయ్య ఓవర్‌టైము చేసి ఆలస్యంగా వచ్చి, మ్యాటు రోజూలాగే వరండాలో ఉండటం చూసి, పైన చెయ్యి వేసి, పడుకున్నాడు. నూకరత్నం పడుకోలేదు.

ఆదివారం ఆరాధన ముగిసి గంట మోగేసరికి మైదానం చుట్టూ జనం చేరారు. నూకరత్నం ఆడవాళ్ళతో టీ డేగిసా దగ్గర నిలబడింది. చేతి నిండా గ్లాసులు. కుర్రాళ్ళు మ్యాటు దొర్లించారు. మెల్లగా విప్పుకుంటూ పోయింది. మూడో వంతు దగ్గర కుట్టు బయటపడింది.

గవరయ్య మేకులు కొడుతున్న సుత్తి కింద పెట్టాడు. మోకాళ్ళ మీద కూర్చుని కుట్టు మీద వేళ్ళు నడిపాడు. ఒక కొస నుంచి రెండో కొస దాకా నడిపాడు.

"ఎవరు కోసినారు దీన్ని?"

దేవకుమార్ ముందుకి వచ్చాడు.

"నా వల్లే చాచా. మీ ఇంట్లో ఎవరికీ తెలీదు. నేనే అడక్కుండా పట్టుకెళ్ళాను."

"అడక్కుండా? మా ఆవిడా, నా కూతురూ ఉండగా, ముగ్గురు మోసే మ్యాటు?"

డెలానీపూర్ కెప్టెన్ సత్యారావు కూడా వచ్చి కుట్టు వైపు చూస్తున్నాడు. అతను కాదంటే మ్యాచ్ అక్కడితో సరి.

ఆడవాళ్ళు మైదానంలో అడుగు పెట్టడం అంతవరకు ఎవరూ చూసి ఎరగరు. నూకరత్నం గ్లాసులు తల్లి చేతిలో పెట్టి, బౌండరీ తాడు దాటి, పిచ్ దాకా నడిచి వెళ్ళింది. అంతమంది చూపులూ వీపు మీద వానచినుకుల్లా తగులుతున్నాయి.

"అతను అబద్ధం చెప్తున్నాడు నాన్నా. అడిగాడు. నేనే ఇచ్చాను."

"గడప దాటించొద్దని చెప్పినాను కదా?"

"చెప్పావు. ఇంకెవరు అడిగినా ఇచ్చేదాన్ని కాదు."

చెప్పాక ఆమెకే తెలిసింది ఏం చెప్పిందో. దేవకుమార్ ఆమెకేసి చూసి, వెంటనే ఆకాశంకేసి చూశాడు. సంఘపెద్దతో సహా చర్చి జనమంతా తాడు వెంబడి నిలబడి ఉన్నారు. గవరయ్య కూతురిని చూస్తూ ఉండిపోయాడు. ఆయన మొహంలో కోపం ఉందో లేదో ఆమెకు అందలేదు.

సత్యారావు బూటు కాలితో కుట్టుని రెండుసార్లు నొక్కాడు.

"చలేగా భయ్యా. ఇద్దరికీ అదే కుట్టు. మా బౌలరు అక్కడ వేస్తే మీరు చూసుకోండి, మీ బౌలరు వేస్తే మేం చూసుకుంటాం. ఆడదాం."

గవరయ్య సుత్తి తీసి మిగిలిన మేకులు కొట్టాడు. టాస్ వేశారు. బ్యాటింగు వీళ్ళకే వచ్చింది.

"ఓపెనింగు నువ్వు వెళ్ళు" అన్నాడు గవరయ్య దేవకుమార్‌తో. "కుట్టు ఉన్న వైపు నీదే. పోగొట్టినోడివి, కాచుకో."

"అచ్చా చాచా."

"సాయంత్రం మీ నాన్నని మా ఇంటికి రమ్మను. మీ అమ్మని కూడా."

"మ్యాటు గురించి ఆయన నిన్ననే వద్దామనుకున్నారు చాచా. క్షమాపణ చెప్పుకుంటానని..."

"మ్యాటు గురించి కాదు."

గవరయ్య అతని చేతిలో బ్యాటు పెట్టి, భుజం పట్టి పిచ్ వైపు తిప్పాడు. కూతురి వైపు చూడకుండానే, మైదానంలో ఆడవాళ్ళకి పనేటి, టీ చల్లారిపోతాది, వెళ్ళు అన్నాడు.

నూకరత్నం ఎలా నడిచి వచ్చిందో ఆమెకు గుర్తులేదు. తల్లి చెయ్యి పట్టుకుంది. సత్యారావు జట్టులో పొడుగాటి బౌలరు పరుగు మొదలుపెట్టాడు. బంతి సరిగ్గా కుట్టు మీద పడి పైకి లేచింది. ఆమె కళ్ళు మూసుకుంది. బ్యాటు చప్పుడో, వికెట్ల చప్పుడో తెలియలేదు. జనం అరిచారు. ఏ జట్టువాళ్ళు అరిచారో కూడా తెలియలేదు.

"అమ్మా, ఉన్నాడా?"

"ఉన్నాడు" అంది రామలక్ష్మి. "నిన్నే సూస్తన్నాడు. బంతిని సూడమని చెప్పు."